ఏడు బడులు, ఒక్క టెక్నీషియన్: ఖర్చు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: దూరదూరంగా ఉన్న ఊళ్లలోని ఏడు చిన్న బడుల నిర్వహణ చూస్తున్నాను. అన్నీ కలిపి 34 క్లాసు గదులు, 620 మంది పిల్లలు, 41 మంది టీచర్లు. కంప్యూటర్ల పని తెలిసిన టెక్నీషియన్ మాత్రం ఏడింటికీ ఒక్కరే. ఇన్నాళ్లకు క్లాసుల్లో సాంకేతిక పరికరాల కోసం ఒకేసారి పెద్ద మొత్తం మంజూరైంది. ప్రతి గదికీ 65 అంగుళాల టచ్ ప్యానెల్, ప్రతి విద్యార్థికీ ఒక ట్యాబ్లెట్ ఇస్తామని ఒక సంస్థ ప్రతిపాదన పెట్టింది. కమిటీలో చాలామందికి అది నచ్చింది. నాకే భయంగా ఉంది. మూడు బడుల్లో ఇంటర్నెట్ సరిగా రాదు. వాటిలో ఒకటి మాత్రం మంచి లైను ఉన్న మరో బడికి 4 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కరెంటు అన్నిచోట్లా రోజుకు రెండు మూడు గంటలు పోతుంది. ఇవి చాలవన్నట్టు, ఒక ఆఫీసువాళ్లు తమ 40 పాత కంప్యూటర్లు ఉచితంగా ఇస్తామంటున్నారు. ఏది ముందు చేయాలి, ఏది కొనాలి, ఏది వద్దనాలి?

సమాధానం: మీ భయానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: టెక్నీషియన్ ఒక్కరే. మీకు నిజంగా కొరతగా ఉన్నది డబ్బు కాదు, ఆ ఒక్క మనిషి గంటలు. కొనే ప్రతి వస్తువూ ఆ గంటల్లో కొంత తింటుంది. ఒక ట్యాబ్లెట్‌ను చేత్తో సిద్ధం చేయడానికి, అంటే పెట్టె విప్పడం, అప్‌డేట్ చేయడం, ఖాతా పెట్టడం, నంబరు అంటించడం, అన్నీ కలిపి 20 నిమిషాలు అనుకోండి. 620 ట్యాబ్లెట్లకు 206 గంటలు దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 26 పనిరోజులు. అవి పగలడం, పాస్‌వర్డ్ మరిచిపోవడం, ఛార్జర్ పోవడం ఇంకా మొదలే కాలేదు. కాబట్టి ఆ ప్రతిపాదనను యథాతథంగా ఒప్పుకోకండి. ఏడు బడుల్లోనూ ఒకే రకం వస్తువులు, తక్కువ సంఖ్యలో, ఆ ఒక్కరూ దూరం నుంచే చూసుకోగలిగేలా ఎంచుకోండి.

కమిటీకి చూపించడానికి ఒక గట్టి ఆధారం ఉంది. పెరూ దేశపు గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక్కో పిల్లవాడికి ఒక్కో ల్యాప్‌టాప్ ఇచ్చిన కార్యక్రమాన్ని ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. బడుల్లో కంప్యూటర్లు విద్యార్థుల సంఖ్యను మించిపోయాయి గానీ, గణితంలోనూ భాషలోనూ మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. టీచరు ఆ యంత్రంతో ఏ పాఠం ఎలా చెప్పాలో తేలకుండా యంత్రం ఒక్కటీ వస్తే అది పిల్లల చేతిలో ఉంటుంది, చదువులోకి రాదు.

అందుకని మొదటి నెల ఏదీ కొనకండి. కొలవండి. ఏడు బడులకూ ఒకే ఫారం తీసుకెళ్లి గది గదికీ రాయండి: పని చేస్తున్న ప్లగ్ పాయింట్లు ఎన్ని, ఎర్తింగ్ ఉందా, కిటికీల వెలుతురు ఎటు నుంచి పడుతుంది, బోర్డు నుంచి చివరి బెంచీ దాకా ఎన్ని మీటర్లు, గోడలు ఇటుకవా కాంక్రీటువా, పైకప్పు రేకులదా, తాళం వేసుకోగల గది ఏది. ఇంటర్నెట్ వేగం కొలిచేటప్పుడు వైఫై మీద కొలవకండి. రౌటర్‌కు తీగతో ల్యాప్‌టాప్ కలిపి, బడి నడిచే వేళల్లో రోజుకు మూడుసార్లు, ఐదు రోజులు కొలవండి. బడి విడిచాక వచ్చే అంకె మీకు పనికిరాదు. డౌన్‌లోడ్‌తోపాటు అప్‌లోడ్, ఆలస్యం (సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) కూడా రాసుకోండి. వీడియో కాల్ తడబడేది చాలాసార్లు అప్‌లోడ్ చాలకనే.

అదే నెలలో టీచర్లతో కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: ఏ పాఠం చెప్పేటప్పుడు బోర్డు, సుద్దముక్క చాలడం లేదు? ‘డిజిటల్ బోధన కావాలా’ అని అడిగితే అందరూ కావాలనే అంటారు, దాంతో మీకు తెలిసేదేమీ లేదు. ‘సూక్ష్మదర్శినిలో కనబడేది ముప్పయి కళ్లకు ఒకేసారి చూపించలేకపోతున్నాను’ అని ఒకరు అంటే ఏం కొనాలో మీకు తెలిసిపోతుంది.

ఇక కరెంటు. అన్నిటికన్నా తక్కువ ఆకర్షణీయమైన ఖర్చు ఇదే, కానీ దీన్ని దాటవేసిన చోటే మిగతావన్నీ మూలపడతాయి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు నడవకపోయినా ఫర్వాలేదు, ల్యాప్‌టాప్‌కు తన బ్యాటరీ ఉంది. నెట్‌వర్క్ మాత్రం నిలబడాలి. ఒక బడి లెక్క చూద్దాం. ఇంటర్నెట్ లైను పెట్టె 8 వాట్లు, రౌటర్ 12, నెట్‌వర్క్ స్విచ్ (బడిలోని నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే పెట్టె) తన కోసం వాడుకునేది 25, ఐదు వైఫై యాక్సెస్ పాయింట్లు (గదులకు వైఫై అందించే పెట్టెలు) ఒక్కొక్కటి 11 చొప్పున 55. మొత్తం 100 వాట్లు. మూడు గంటలు నడవాలంటే 300 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది పోగా 85 శాతం చేతికొస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 353 లాగాలి. లెడ్ ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే తొందరగా చచ్చిపోతుంది, కాబట్టి 706 వాట్ అవర్ల బ్యాటరీ కావాలి. 12 వోల్టుల దగ్గర అది దాదాపు 59 ఆంపియర్ అవర్లు. వయసు మీదపడ్డాక కూడా ఆగాలి కనుక 75 లేదా 80ది కొనండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి 40 చాలు. కంప్యూటర్ పక్కన పెట్టే చిన్న యూపీఎస్‌లు పది నిమిషాల కోసం, పని దాచుకుని మెషీన్ ఆపేయడానికి ఉద్దేశించినవి. వాటితో మూడు గంటలు గడవవు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం (లైను కరెంటులాగే నునుపైన తరంగం ఇచ్చేది) అయి ఉండాలని కొనుగోలు పత్రంలో రాయండి.

ఎర్తింగ్ సరిగా లేని బడికి అది పూర్తయ్యేదాకా ఒక్క పరికరం కూడా పంపకండి. మెయిన్ బోర్డు దగ్గర, ఒక్కసారిగా వచ్చే అదనపు వోల్టేజీని భూమిలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్షన్ పరికరం పెట్టించండి. ఎర్తింగ్ లేకుండా పెడితే అదనపు వోల్టేజీ వెళ్లడానికి దారే ఉండదు, పెట్టీ లాభం లేదు.

బడి లోపలి తీగల విషయంలో మూడు తప్పులు మళ్లీమళ్లీ జరుగుతాయి. మొదటిది, రాగి పూత పూసిన అల్యూమినియం తీగను క్యాట్ 6 (నెట్‌వర్క్ తీగల్లో ఒక రకం) పేరుతో అమ్మడం. చవకగా వస్తుంది, మొదట్లో పని కూడా చేస్తుంది. కానీ యాక్సెస్ పాయింట్లకు ఆ తీగ మీదుగానే కరెంటు పంపుతాం. అల్యూమినియంకు నిరోధం ఎక్కువ కాబట్టి తీగ వేడెక్కుతుంది, దూరపు చివర వోల్టేజీ పడిపోతుంది, యాక్సెస్ పాయింట్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. టెక్నీషియన్ యాక్సెస్ పాయింట్‌నే మార్చి చూస్తాడు, తప్పు గోడలోని తీగలో ఉంటుంది. ‘స్వచ్ఛమైన రాగి’ అని ఆర్డరులో రాయించండి. వచ్చిన తీగను కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వెనక్కి పంపండి. రెండోది, దూరం. స్విచ్ నుంచి పరికరం దాకా ఒక తీగ మొత్తం 100 మీటర్లు దాటకూడదు, అందులో 10 మీటర్లు రెండు చివర్ల చిన్న తీగలకు పోతుంది. మూడోది, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి రాగి తీగ లాగడం. రెండు భవనాల భూమి వోల్టేజీ ఒక్కలా ఉండదు, దగ్గర్లో పిడుగు పడితే ఆ తేడా తీగ మీదుగా పరిగెత్తి రెండు వైపుల స్విచ్‌లనూ కాలుస్తుంది. భవనాల మధ్య ఫైబరే, అంటే కాంతితో సమాచారం పంపే గాజు తీగే వేయండి. ఆరు పోగుల సింగిల్ మోడ్ ఫైబర్ వేస్తే రెండు పని చేస్తాయి, నాలుగు రేపటికి ఉంటాయి.

తీగ మీదుగా కరెంటు ఇచ్చే స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య మాత్రమే చూసి మోసపోకండి. 24 పోర్టులున్నా మొత్తం ఇవ్వగల కరెంటుకు ఒక హద్దు ఉంటుంది. హద్దు 370 వాట్లయితే పూర్తి 30 వాట్లు కావాల్సిన పరికరాలు పన్నెండే నడుస్తాయి. మీ బడులకు యాక్సెస్ పాయింట్లు ఐదే కాబట్టి 120 వాట్ల హద్దున్న చిన్న స్విచ్ హాయిగా సరిపోతుంది. పెద్దది తీసుకుంటే ఫ్యాన్ మోత, అదనపు బ్యాటరీ భారం మిగులుతాయి.

యాక్సెస్ పాయింట్లు వరండాలో పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. వరండాలో పెడితే సంకేతం అన్ని గోడలనూ దాటుకుని పోవాలి, పైగా అవి ఒకదాన్నొకటి బాగా వింటాయి, క్లాసులోని పిల్లలకు మాత్రం అరకొరగా అందుతుంది. గదిలో, పైకప్పుకు బిగించండి. గోడలు మందంగా ఉంటే గదికొకటి, పలచగా ఉంటే రెండు గదులకొకటి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే వాడండి, ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే. క్లాసు ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్ మీదికి తోయండి, ఛానెల్ వెడల్పు 20 లేదా 40 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపండి. ప్రసార శక్తి మధ్యస్థంగా పెట్టండి. గట్టిగా పెడితే ల్యాప్‌టాప్ నాలుగు గదుల అవతలి యాక్సెస్ పాయింట్‌ను పట్టుకుని వదలదు. ఇళ్లలో వాడే రౌటర్లు, సంకేతాన్ని తిప్పి పంపే రిపీటర్లు క్లాసుకు వద్దు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్నదాన్నే మళ్లీ చెప్పాలి కనుక వేగం సగానికి సగం పోతుంది.

ఇంటర్నెట్ ఎంత కావాలన్నది పాఠం చెప్పే తీరును బట్టి ఉంటుంది. పద్దెనిమిది మంది పిల్లలు ఎవరి తెర మీద వాళ్లు వీడియో చూస్తే, ఒక్కొక్కరికి 2.5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) చొప్పున 45 కావాలి. అదే వీడియోను టీచరు పెద్ద తెర మీద ఒక్కసారి వేస్తే 5 చాలు. పాఠం ఒకటే, అవసరం తొమ్మిదో వంతు. పిల్లలు కలిసి చూసి మాట్లాడుకునే అవకాశం కూడా రెండో పద్ధతిలోనే ఉంది. ఇక అప్‌డేట్ల సంగతి. 26 ల్యాప్‌టాప్‌లు తలా 4 గిగాబైట్లు దించుకుంటే 104 గిగాబైట్లు. 20 ఎంబీపీఎస్ లైను మొత్తం దానికే ఇచ్చినా పదకొండున్నర గంటలు పడుతుంది. పొద్దున ఆన్ చేయగానే ఇది మొదలైతే ఆ రోజు పాఠాలు లేనట్టే. అప్‌డేట్లు బడి విడిచాక జరిగేలా పెట్టండి. విండోస్‌లో అయితే ఒక మెషీన్ దించుకున్నదాన్ని పక్క మెషీన్లు దాని నుంచే తీసుకునే డెలివరీ ఆప్టిమైజేషన్ అమరికను ఆన్ చేయండి.

లైను సరిగా లేని మూడు బడుల్లో, 4 కిలోమీటర్ల దూరంలో ఉన్నదానికి మంచి బడి నుంచి రేడియో లింకు వేయవచ్చు. రెండు చివర్లా 5 గిగాహెర్ట్జ్ డిష్‌లు, రెండు స్తంభాలు కావాలి. ఒక చివర నుంచి రెండో చివర కంటికి కనిపిస్తే చాలనుకుంటారు, చాలదు. ఆ దూరానికి మధ్యలో సంకేతం చుట్టూ దాదాపు 7 మీటర్ల వ్యాసార్ధంతో ఒక ప్రాంతం ఉంటుంది, అందులో కనీసం 60 శాతం, అంటే చూపు గీతకు నాలుగు మీటర్లకు పైగా అన్ని వైపులా ఖాళీ ఉండాలి. చెట్లు ఆకులు రాల్చిన కాలంలో కొలిచి బిగించిన లింకు, ఆకులు దట్టమయ్యాక పడిపోతుంది. చెట్లు పెరుగుతాయి కూడా, కాబట్టి స్తంభం ఎత్తు లెక్కకు రెండు మూడు మీటర్లు కలపండి. కొనే ముందు రెండు పనులు: ఆ బడి లైను ఇచ్చిన కంపెనీ ఇంకో చోటికి పంచుకోవడానికి ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి, స్తంభానికి, రేడియోకు మీ దగ్గర అనుమతులేమైనా కావాలేమో తెలుసుకోండి.

మిగిలిన రెండింటికీ మొబైల్ రౌటర్‌ను బయటి యాంటెన్నాతో ప్రయత్నించండి, లేదా తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సేవ ఉంటే చూడండి. ఎత్తైన స్థిర కక్ష్యలోని ఉపగ్రహంతో అయితే మాట వెళ్లి రావడానికే అర సెకనుకు పైగా పడుతుంది, వీడియో కాల్ సాఫీగా నడవదు. ఏది పెట్టినా ఆ రెండు బడుల పాఠాలు ఇంటర్నెట్ మీద ఆధారపడేలా ప్రణాళిక వేయకండి. కోలిబ్రి, కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు సరిగ్గా ఇలాంటి చోట్ల కోసమే ఉన్నాయి. కివిక్స్‌లో వికీపీడియా వంటివి మొత్తంగా దించి పెట్టుకోవచ్చు. కోలిబ్రిలో పాఠాలు, వీడియోలు, అభ్యాసాలు ఉంటాయి, ఏ పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో టీచరు చూడవచ్చు. ఇవి బడిలోని ఒక కంప్యూటర్‌లో ఉంటే పిల్లలు బడి వైఫై ద్వారానే తెరుస్తారు, బయటి లైను అక్కర్లేదు. ఆ కంప్యూటర్‌గా రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టవచ్చు గానీ మెమరీ కార్డు మీద నడపకండి. కరెంటు పోయినప్పుడల్లా కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, ఎస్ఎస్‌డీ (చిప్‌లతో చేసిన డిస్కు) తగిలించండి. ఇంకా మంచిది, ఒక పాత ల్యాప్‌టాప్‌కు ఈ పని అప్పగించడం. దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. మా సలహా ఏమిటంటే లైను బాగున్న బడుల్లో కూడా ఇది పెట్టండి. లైను తెగిన రోజున పాఠం ఆగదు.

ఇప్పుడు పిల్లల పరికరాలు. తలకొకటి వద్దు, బడికో ట్రాలీ (ల్యాప్‌టాప్‌లను ఉంచి ఛార్జ్ చేస్తూ క్లాసు నుంచి క్లాసుకు తోసుకెళ్లే బీరువా) చాలు. మీ క్లాసుకు సగటున పద్దెనిమిది మంది. పెద్ద క్లాసుకు కూడా సరిపోయేలా 24 ల్యాప్‌టాప్‌ల ట్రాలీ, దానికి రెండు అదనం, మొత్తం 26. బడికి ఐదు క్లాసులు, ఒక్కో క్లాసు వారానికి ఐదు పీరియడ్లు వాడితే 25 పీరియడ్లు. వారానికి 35 పీరియడ్లుంటే పది మిగులుతాయి, అవి ఛార్జింగ్‌కు, రిపేరుకు. ఏడు బడులకు 182 ల్యాప్‌టాప్‌లు, టీచర్లకు 41. ఈ 223ను దూరం నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్‌తో కలిపితే ఒక్క మనిషి చూసుకోగలడు. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ల్యాప్‌టాప్‌తోపాటే కొనండి. పెట్టె విప్పి వైఫైకి కలపగానే తనంతట తాను అమరిపోయేలా ముందే నమోదు చేసి పంపమని అమ్మేవాళ్లను అడగండి. ముందు లెక్కగట్టిన ఇరవై నిమిషాలు అప్పుడు రెండు మూడు నిమిషాలకు దిగుతాయి.

మోడల్ ఒక్కటే ఉండాలి, ఏడు బడుల్లోనూ. పగిలిన దాని కీబోర్డు తీసి ఇంకోదానికి వేయగలిగేది అప్పుడే. 8 గిగాబైట్ల మెమరీ, ఎస్ఎస్‌డీ, స్క్రూలు విప్పితే బయటికొచ్చే బ్యాటరీ, కీబోర్డు అడగండి. మూడో తరగతి నుంచి పైవాళ్లకు కీబోర్డు ఉన్నదే ఇవ్వండి, రాయడం నేర్చుకోవాల్సిన పిల్లలకు తెర మీద వేలితో కొట్టడం అడ్డంకి. క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) తీసుకుంటే ఒక సంగతి జాగ్రత్త. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, కానీ ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి మొదలవ్వవు, ఆ రకం విడుదలైన రోజు నుంచి లెక్క. తక్కువ ధరకు వస్తున్న మోడల్‌కు ఇంకెన్నేళ్లు మిగిలాయో చూడకుండా సంతకం చేయకండి. ఛార్జర్లు నూటికి పది అదనంగా కొనండి, అందరికన్నా ముందు పోయేవి అవే.

ట్రాలీ ఛార్జింగ్ గురించి ఎవరూ చెప్పని విషయం: 24 ల్యాప్‌టాప్‌లు 45 వాట్ల చొప్పున ఒకేసారి 1080 వాట్లు లాగుతాయి. స్విచ్ వేసిన క్షణంలో అన్ని ఛార్జర్లూ కలిసి లాగే కుదుపు అంతకంటే చాలా ఎక్కువ, దానికే ఎమ్‌సీబీ (కరెంటు మితి మీరితే తనంతట ఆగే మీట) పడిపోతుంది. ట్రాలీకి ప్రత్యేక సర్క్యూట్ వేయించండి, పన్నెండేసి చొప్పున వంతులవారీగా ఛార్జ్ చేసే రకం తీసుకోండి. పొడిగింపు తీగల మీద ట్రాలీ నడపకూడదు. గాలి ఆడే గదిలో, తాళం కింద ఉండాలి. ఉబ్బిన బ్యాటరీని టీచర్లందరూ గుర్తుపట్టగలగాలి: టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంది, మూత పూర్తిగా పడదు. అలాంటిది కనబడితే ఛార్జర్ తీసి, ఆపేసి, మండే వస్తువులకు దూరంగా పెట్టి టెక్నీషియన్‌కు చెప్పాలి. నొక్కి సరిచేసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. పెద్ద సెలవులకు ముందు అన్నిటినీ సగం ఛార్జ్ దగ్గర ఆపి చల్లటి గదిలో పెట్టండి. పూర్తిగా నింపినా, పూర్తిగా ఖాళీగా వదిలేసినా రెండు నెలల్లో బ్యాటరీ దెబ్బతింటుంది.

ప్యానెళ్ల మాట. చివరి బెంచీ దూరం తెర ఎత్తుకు ఆరు రెట్లు మించితే వెనకవాళ్లు అక్షరాలు చదవలేరనేది పాత, నమ్మదగిన లెక్క. 65 అంగుళాల తెర ఎత్తు 81 సెంటీమీటర్లు, అంటే 4.9 మీటర్ల దాకానే. 75 అంగుళాలకు 5.6 మీటర్లు, 86కు 6.4. మీ గదుల్లో చివరి బెంచీ 7 మీటర్ల దూరంలో ఉంటే 94 అంగుళాల తెర కావాలి, అంత పెద్దది ప్రొజెక్టర్‌తో అయితే సులువుగా అందుతుంది. ఆ ప్రతిపాదనలో 34 గదులకూ 65 అంగుళాలే రాశారంటే గదులు కొలవకుండా రాశారనే అర్థం. వెలుతురు ఆపగలిగే గదులకు 3500 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) లేజర్ ప్రొజెక్టర్ పెట్టండి. దీపం రకాలకు కొన్ని వేల గంటలకే దీపం మార్చాలి, లేజర్ ఇరవై వేల గంటల దాకా వస్తుంది. ఫిల్టరు ఉన్నవాటికి దుమ్ము ఎక్కువున్నచోట నెలకోసారి దులపాలి, లేకపోతే వేడెక్కి ఆగిపోతుంది. ప్రొజెక్టర్‌కు పోయే మామూలు హెచ్‌డీఎంఐ తీగ పది మీటర్లు దాటితే బొమ్మ మినుకుమంటుంది. వెలుతురు ఆపలేని చిన్న గదులకు, కొలత సరిపోతే, ప్యానెల్ పెట్టవచ్చు. ఏది పెట్టినా విడిగా స్పీకర్లు కొనండి. తెర బాగుండి మాట వినబడని క్లాసులు చాలా ఉన్నాయి.

కమిటీ కేవలం ఒక వస్తువుకే ఒప్పుకుంటుందంటే మేం డాక్యుమెంట్ కెమెరాను ఎంచుకుంటాం. బల్ల మీద పెట్టిన పుస్తకం పేజీ, పురుగు, పిల్లవాడు చేసిన లెక్క, చేతిలో జరుగుతున్న ప్రయోగం, ఏదైనా అలాగే పెద్ద తెర మీద కనబడుతుంది. ఇంటర్నెట్ వద్దు, ఖాతా వద్దు, శిక్షణ అరగంట. టచ్ ప్యానెల్‌కు దూరంగా ఉండే టీచరు కూడా దీన్ని రెండో రోజు నుంచే వాడతారు.

డబ్బును వంద భాగాలనుకుంటే మా పంపకం ఇలా ఉంటుంది: కరెంటు, తీగలు, నెట్‌వర్క్‌కు 25, ల్యాప్‌టాప్‌లు, ట్రాలీలు, నిర్వహణ లైసెన్సులకు 35, ప్రొజెక్టర్లు, స్పీకర్లు, డాక్యుమెంట్ కెమెరాలకు 12, శిక్షణకు, టీచర్ల సమయానికి 12, విడిభాగాలు, రిపేర్లకు 8, మిగతా 8 ముట్టుకోకుండా రెండో ఏడాదికి. నెలనెలా వచ్చే ఇంటర్నెట్ బిల్లును ఈ మొత్తంలోంచి కట్టకండి. ఒక్కసారి వచ్చిన డబ్బుతో ప్రతి నెలా ఖర్చు మొదలుపెడితే మూడో ఏట లైను తెగుతుంది. అది ఏటా వచ్చే బడ్జెట్‌లో కూర్చోవాలి. ల్యాప్‌టాప్‌లకు ఐదేళ్ల ఆయువు పెట్టుకుని, ఏటా ఐదో వంతు మార్చడానికి ఎంత కావాలో ఇప్పుడే కమిటీ ముందు పెట్టండి.

టీచర్ల శిక్షణను రెండు రోజుల సమావేశంతో ముగించకండి. ప్రతి బడిలో ఆసక్తి ఉన్న ఒక టీచరుకు వారానికి రెండు పీరియడ్లు తగ్గించి, ఆ సమయంలో తోటివాళ్ల పక్కన కూర్చునే పని ఇవ్వండి. పీరియడ్లు తగ్గించకుండా ‘అదనపు బాధ్యత’గా ఇస్తే మూడు నెలల్లో ఆ పని ఆగిపోతుంది. వైఫై కలపడం, పాస్‌వర్డ్ మార్చడం, ప్రొజెక్టర్ తీగ సరిచూడటం, పాడైనదాన్ని అదనపు దానితో మార్చి రిజిస్టరులో రాయడం, ఈ నాలుగూ వాళ్లకు వస్తే టెక్నీషియన్‌కు వచ్చే ఫోన్లు చాలామటుకు తగ్గిపోతాయి. టెక్నీషియన్ వారం తిరుగుడు కూడా ముందే ఖరారు చేయండి: నాలుగు రోజులు బడులకు, ఒక రోజు రిపేరు బల్ల దగ్గర. ఏ రోజు ఏ బడికి వస్తారో తెలిస్తే టీచర్లు సమస్యలు రాసి పెట్టుకుంటారు.

ఖాతాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఇక్కడే కొన్ని బడులు మొత్తంగా చిక్కుపడిపోతాయి. నిర్వహణ ఖాతా టెక్నీషియన్ సొంత ఈమెయిల్ మీద తెరిచారనుకోండి, ఆయన ఉద్యోగం మారితే 223 మెషీన్ల తాళం ఆయనతో వెళుతుంది. కార్యాలయం పేరు మీద రెండు నిర్వాహక ఖాతాలు, రెండంచెల ధ్రువీకరణ, సీలు వేసిన కవరులో మీ బీరువాలో ఒక కాపీ ఉండాలి. నెట్‌వర్క్‌ను కనీసం మూడుగా విడదీయించండి: ఆఫీసు, పిల్లలు, ప్రింటర్లు కెమెరాల వంటివి. మార్కులు, హాజరు ఉన్న ఫైళ్లకు మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి బడి బయట. పిల్లల పుట్టినతేదీ, ఫొటో అడిగే యాప్‌లను, అవి పాఠానికి ఎందుకు కావాలో చెప్పలేకపోతే, జాబితాలో చేర్చకండి.

పనిని ఏడు బడుల్లో ఒకేసారి మొదలుపెట్టకుండా లైను బాగున్న బడి ఒకటి, బాగాలేని బడి ఒకటి తీసుకుని ఒక విడత నడపండి. కష్టమైన బడిని ముందే చూడకపోతే సులువైన బడిలో గెలిచిన పద్ధతి అక్కడ బోల్తా కొడుతుంది. ఒప్పందంలో ఇవి రాయించండి: ప్రతి తీగనూ పరీక్షించిన నివేదిక, రెండు చివర్లా నంబర్లు, బడి పటం మీద తీగల గీతలు, అన్ని పాస్‌వర్డ్‌ల అప్పగింత. చివరి విడత డబ్బు ఇవి చేతికొచ్చాకే. వారంటీ విషయంలో ‘మూడేళ్లు’ అన్న మాటతో ఆగకండి. బడికి వచ్చి బాగుచేస్తారా, మీరే పంపాలా, ఎన్ని రోజుల్లో, బ్యాటరీకి ఎన్నాళ్లు అని అడగండి. బ్యాటరీకి చాలాసార్లు ఒక్క ఏడాదే ఉంటుంది.

ఇక ఆ 40 పాత కంప్యూటర్లు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, చాలా పాత మెషీన్లలో అది ఉండదు. విండోస్ బదులు ఉబుంటు లాంటి లినక్స్ గానీ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గానీ వేస్తే నడుస్తాయి, కానీ ఆ పని చేయాల్సింది మీ ఒక్క టెక్నీషియనే. అందుకని ఇచ్చేవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి: అన్నీ ఒకే మోడలేనా, మెమరీ 8 గిగాబైట్లు ఉందా, ఎస్ఎస్‌డీ ఉందా, డిస్కులు తుడిచి ఇస్తారా. నాలుగింటికీ అవునంటే పది తీసుకోండి. ఏడు బడులకు ఒక్కొక్కటి కోలిబ్రి సర్వరుగా పెట్టి, మూడు విడిభాగాలకు ఉంచుకోండి. డెస్క్‌టాప్‌లైతే వాటిని బడి ఇన్వర్టర్ మీదే ఉంచాలి, కాబట్టి పైన చెప్పిన బ్యాటరీ లెక్కలో ఒక్కోదానికి ఇంకో 40 వాట్లు కలిపి మళ్లీ కట్టండి. మిగిలిన ముప్పయి కంప్యూటర్లనూ మర్యాదగా వద్దనండి. ఒకసారి మీ గదిలోకి వచ్చాక వాటిని సరైన పద్ధతిలో వదిలించుకునే ఖర్చు కూడా మీదే అవుతుంది.